బాపు ఇంటి కెమెరా

గాంధీజీ అనగానే మన కళ్లముందు మెదిలే బొమ్మలు నాలుగైదే. కర్ర పట్టుకొని వడివడిగా నడిచే గాంధీజీ, రాట్నం ముందు కూర్చున్న గాంధీజీ, నోటు మీద బోసినవ్వుల గాంధీజీ. ఆ నోటు మీది బొమ్మ 1946లో తీసిన ఒక ఫొటోలోంచి కత్తిరించుకున్నది. అసలు ఫొటోలో ఆయన పక్కన బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ ఉంటారు. దేశంలో ఇన్ని చేతులు మారే బొమ్మ మరొకటి లేదు, అయినా దాన్ని తీసిన మనిషి పేరు ఎక్కడా నమోదు కాలేదు.

ఇంకో బొమ్మ ఉంది. అది నోట్లకెక్కలేదు, గవర్నమెంటు ఆఫీసు గోడలకెక్కలేదు. సేవాగ్రామ్ ఆశ్రమంలో మండుటెండ. గాంధీజీ తలమీద ఒక దిండు. గొడుగు లేదు, టోపీ లేదు. చేతికందిన దిండును నెత్తిన పెట్టుకొని తన దారిన తాను ఉన్నారు. పొలంగట్టు మీద తువ్వాలు నెత్తికి చుట్టుకున్న మన తాతలాగే ఉంటారు. కెమెరా వైపు చూపు లేదు, తనను ఎవరో ఫొటో తీస్తున్నారన్న ధ్యాసా లేదు. ఆయనకు తీసిన వేల ఫొటోల్లో నాకు ఇదే ముందు గుర్తొస్తుంది. జాతిపితను కాసేపు పక్కన పెట్టి, ఎండ తగలకుండా ఉపాయం చేసుకున్న ఒక ఇంటి పెద్దాయన్ను చూపిస్తుంది.

ఈ బొమ్మ తీసినవాడి పేరు మనకు తెలుసు. ఆయన కనూ గాంధీ. పత్రికలో ఉద్యోగి కాదు, స్టూడియో యజమానీ కాదు. ఆశ్రమంలో ఉత్తరాలూ లెక్కలూ చూసుకుంటూ, ప్రార్థనలో భజనలు పాడుతూ, మధ్యలో తీరిక దొరికితే కెమెరా పట్టిన కుర్రవాడు. ఆ తీరికలో తీసిన బొమ్మలే ఇప్పుడు గాంధీజీ చివరి పదేళ్ల జీవితానికి దగ్గరి సాక్ష్యం.

తాపీ లోయ రైలు దారి

కనూ గాంధీ గురించి రాయడానికి గుజరాత్‌లోని బార్డోలీ నుంచి మొదలుపెట్టాలనిపించింది. సూరత్‌కు తూర్పున చెరకు తోటల నడుమ ఉన్న పట్టణం అది. తెలుగువాళ్లకు ఆ పేరు కొత్త కాదు. 1922 మొదట్లో గాంధీజీ శాసనోల్లంఘనకు బార్డోలీ తాలూకాను ఎంచుకొని పన్నుల నిరాకరణకు సిద్ధం చేస్తున్న రోజుల్లోనే, మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనతో రైతులు శిస్తు కట్టడం మానేశారు. అంతలో ఉత్తరాదిన చౌరీచౌరాలో ఉద్యమం హింసకు దిగి రక్తం చిందింది. ఆ ఫిబ్రవరిలోనే బార్డోలీలో సమావేశమైన కాంగ్రెస్ కార్యవర్గం ఉద్యమాన్ని ఆపేసింది. ఆ నిర్ణయంతో పెదనందిపాడులోనూ పోరాటం ఆగింది. బార్డోలీలో అన్న మాట గుంటూరు జిల్లా ఊళ్ల మీద అంతగా పడింది.

ఆరేళ్లకు, 1928 ఫిబ్రవరిలో, బార్డోలీ మళ్లీ లేచింది. భూమి శిస్తును ఒక్కసారిగా 22 శాతం పెంచడం మీద తిరుగుబాటు. వల్లభ్‌భాయ్ పటేల్ ముందు నిలిచి నడిపారు. జప్తులు జరిగాయి, గేదెల్ని తోలుకుపోయారు, ఇళ్లకు తాళాలు పడ్డాయి. రైతులు మాత్రం శిస్తు కట్టలేదు. ఆగస్టులో ప్రభుత్వమే దిగొచ్చింది. విచారణ జరిగాక పెంపు 6.03 శాతానికి తగ్గింది. పటేల్‌కు సర్దార్ అన్న పేరు ఇక్కడే స్థిరపడింది. ఆ పోరాటానికి కేంద్రమైన స్వరాజ్ ఆశ్రమం ఇప్పటికీ ఉంది. అక్కడి సర్దార్ మ్యూజియంలో ఆ కాలపు ఫొటోలు గోడల నిండా కనిపిస్తాయి.

1928 నాటి బొమ్మలంటే సభలు, ఊరేగింపులు, వరసగా కూర్చొని కెమెరా వైపు చూస్తున్న నాయకులు, వెనక నిలబడ్డ జనం. అప్పట్లో కెమెరా వచ్చిందంటే ఊరంతా సర్దుకొని నిలబడేది. అప్పటి కెమెరాల తీరు అది, అప్పటి మర్యాదా అది. కానీ ఒక్క ప్రశ్న వెంటాడుతుంది. గేదెను జప్తుకు పట్టుకుపోయిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగింది? పొయ్యి వెలిగిందా? పిల్లలు ఎక్కడ పడుకున్నారు? ఉద్యమం లోపలి రోజువారీ బతుకు ఫొటోల్లోకి రావాలంటే కెమెరా ఇంటి మనిషి చేతిలో ఉండాలి. అది జరగడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల తర్వాతి ముఖ్య ఘట్టం కూడా ఈ చుట్టుపక్కలే జరగడం విశేషం. 1938 ఫిబ్రవరిలో బార్డోలీకి దగ్గర్లో, తాపీ నది ఒడ్డున హరిపురలో కాంగ్రెస్ 51వ మహాసభ. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్‌ను 51 ఎద్దులు లాగిన రథంలో ఊరేగించారు. ఆ మహాసభ పందిళ్లను అలంకరించమని గాంధీజీ శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్‌ను అడిగారు. నందలాల్ దేవుళ్లనీ వీరుల్నీ గీయలేదు. దర్జీని గీశారు, దూది ఏకేవాణ్ని గీశారు, డోలు వాయించేవాళ్లనూ ఎద్దును పట్టుకున్న రైతునూ బిడ్డనెత్తుకున్న తల్లినీ గీశారు. మహాసభకు వచ్చిన పల్లెటూరి మనిషి ద్వారంలో అడుగుపెట్టగానే తన బతుకే బొమ్మగా ఎదురొచ్చింది. రోజువారీ పనికి కళలో ఇంత పెద్ద గౌరవం దక్కిన సందర్భాలు మన దేశంలో తక్కువ. కనూ గాంధీ చేతికి కెమెరా వచ్చింది కూడా ఈ రోజుల్లోనే. ఇద్దరూ ఒకరినొకరు చూసి నేర్చుకున్నారని నేను అనడం లేదు. గాంధీజీ చుట్టూ ఉన్న గాలి అలాంటిది, మామూలు పనిని కళ్లారా చూడమని చెప్పే గాలి.

గాంధీజీకి బార్డోలీ మకాం అలవాటు. 1939 జనవరిలో ఉన్నారు. 1941 డిసెంబరులో మళ్లీ వచ్చారు. సేవాగ్రామ్ నుంచి బార్డోలీ వస్తూ రైల్లోనే 'నిర్మాణ కార్యక్రమం' అన్న చిన్న పుస్తకం రాశారు. వార్ధా, భుసావల్, జల్‌గావ్ దాటి తాపీ లోయ గుండా వచ్చే దారి అది. మనవాళ్లకు ఆ దారి బాగా తెలుసు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సూరత్ మగ్గాల మీదికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ప్రయాణిస్తున్న దారి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ వరంగల్ నుంచి బల్లార్ష, వార్ధా మీదుగా వెళ్లి, తాపీ లోయలో దిగి సూరత్ చేరుతుంది. గాంధీజీ నడిపిన పత్రిక పేరే ఆ రైలుది కూడా. కిటికీ పక్కన సీటు దొరికితే నందుర్‌బార్ దాటాక చెరకు పొలాలు మొదలవడం చూడొచ్చు.

వంద రూపాయలు, మూడు షరతులు

కనూ 1917లో పుట్టారు. తండ్రి నారణ్‌దాస్ గాంధీ సాబర్మతి ఆశ్రమ నిర్వహణ చూసినవారు. పెద్దనాన్న మగన్‌లాల్ దక్షిణాఫ్రికా రోజుల నుంచీ గాంధీజీకి కుడిభుజం. అంటే కనూ మహాత్ముడికి వరసకు మనవడు. ఆశ్రమంలోనే పెరిగాడు. 1936లో గాంధీజీ వార్ధా దగ్గరి సేగావ్ పల్లెకు మకాం మార్చాక, పంతొమ్మిది ఇరవయ్యేళ్ల వయసులో అక్కడ పనిలో చేరాడు. ఆ పల్లెకు సేవాగ్రామ్ అన్న పేరు తర్వాత వచ్చింది.

ఫొటోలు తీయమన్న ఆలోచన వినోబా భావే తమ్ముడు శివాజీ పెట్టాడంటారు. కనూకు మనసైంది. కానీ కెమెరా కొనే డబ్బు ఎక్కడిది? గాంధీజీ ఈ కోరికను కొట్టిపారేయలేదు. ఘనశ్యామ్‌దాస్ బిర్లా 100 రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బుతో రోలీఫ్లెక్స్ కెమెరా, ఒక ఫిల్ము చుట్ట వచ్చాయి. బాపు మూడు షరతులు పెట్టారు. ఫ్లాష్ వాడకూడదు. తనను ఇలా కూర్చో, అలా నిలబడు అని ఎప్పుడూ అడగకూడదు. ఫొటోల ఖర్చు ఆశ్రమం భరించదు.

ఫొటోలు తీసే ఎవరికైనా ఈ మూడూ వినగానే గుండె జారుతుంది. సేవాగ్రామ్ కుటీరాలు మట్టిగోడలవి, కప్పులు వాలుగా కిందికి దిగి ఉంటాయి. లోపల వెలుగంతా తలుపు నుంచీ కిటికీ నుంచీ వచ్చేదే. ఆనాటి ఫిల్ము ఇప్పటి ఫోన్ కెమెరాల్లా చీకటిని తాగేది కాదు, దానికి ధారాళంగా వెలుతురు కావాలి. ఫ్లాష్ లేదంటే గుడిసెలో ఫొటోకు దారి ఒకటే. కిటికీ వెలుగు ఎప్పుడు ఎక్కడ పడుతుందో రోజూ చూసి తెలుసుకోవాలి, గాంధీజీ ఆ వెలుగులోకి వచ్చే ఘడియ కోసం కాచుకొని ఉండాలి, అప్పుడు చెయ్యి కదలకుండా తీయాలి. చెయ్యి కదిలితే బొమ్మ అలికినట్టవుతుంది.

రెండో షరతు ఇంకా గట్టిది. అడగకూడదంటే ఎదురుచూడాలి. గాంధీజీ ఒకచోట నిలకడగా ఉండే మనిషి కాదు. నడకలోనూ ఆయనతో సమానంగా నడవడానికి కుర్రవాళ్లు పరుగులు పెట్టేవారు. అలాంటి మనిషిని అడక్కుండా ఫొటో తీయాలంటే ఆయన దినచర్య ఒంటపట్టాలి. ఏ వేళకు నడక, ఏ వేళకు మాలిష్, ఏ వేళకు ఉత్తరాలు, ఎవరొస్తే ముఖం విప్పారుతుంది, ఎవరొస్తే మౌనం. బయటి నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్‌కు ఇది దొరకని చదువు. ఇంట్లో పళ్లెం కడిగి, ఉత్తరాలకు నకళ్లు రాసి, పక్క సర్దే కుర్రాడికి అడక్కుండానే అబ్బుతుంది.

మూడో షరతు వల్ల ప్రతి బొమ్మా సొంత ఖర్చే. పత్రికలకు ఫొటోలు అమ్మి కనూ ఫిల్ము డబ్బులు రాబట్టుకున్నాడు. రోలీఫ్లెక్స్ చుట్ట ఒకదానికి పన్నెండే బొమ్మలు. పన్నెండూ అయిపోతే మళ్లీ చుట్ట కొనాలి, కడిగించాలి, ముద్రించాలి. అందుకే ఆయన బొమ్మల్లో తొందర కనబడదు.

కెమెరా ఎంపిక కూడా ఆ ఇంటికి తగినట్టే కుదిరింది. రోలీఫ్లెక్స్‌కు ముందు రెండు కళ్లుంటాయి, ఒకటి చూడ్డానికి, ఒకటి తీయడానికి. దాన్ని కంటికి ఎత్తి గురిపెట్టరు. పొట్ట దగ్గర పట్టుకొని, తల వంచి, పైనున్న గాజు పలకలోకి చూడాలి. ఎదుటి దృశ్యం అందులో కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. మీట నొక్కితే చిన్న టిక్కు, అంతే. తీసేవాడి ముఖం కెమెరా వెనక దాగదు, తల వంచుకొని ఉంటుంది. నేల మీద కూర్చున్న మనిషిని నేల మీద కూర్చొనే తీయొచ్చు. కనూ బొమ్మల్లో గాంధీజీ చాలాసార్లు మన కంటి ఎత్తులోనే ఉంటారు. ఇది యాదృచ్ఛికంగా వచ్చింది కాదు, కెమెరా నడుము దగ్గర ఉండడం వల్లా, ఆశ్రమంలో అందరూ చాపల మీద కూర్చోవడం వల్లా వచ్చింది.

పోలికకు ఒక సంగతి. 1946లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్‌వైట్ 'లైఫ్' పత్రిక కోసం గాంధీజీని ఫొటో తీయడానికి పుణే వచ్చింది. ముందు రాట్నం వడకడం నేర్చుకోమన్నారు ఆయన మనుషులు. నేర్చుకుంది. ఫ్లాష్ బల్బులు మూడే వాడమన్నారు. రాట్నం పక్కన కూర్చొని చదువుకుంటున్న ఆ ప్రసిద్ధ చిత్రం అలా వచ్చింది. గొప్ప చిత్రమే. వెలుగు, కోణం, రాట్నం ముందుకు రావడం, అన్నీ ఆలోచించి కట్టినవి. కనూ బొమ్మల్లో అలాంటి కూర్పు లేదు. అవి ఆ ఇంట్లో ఉన్నవాడికి తారసపడినవి. రెండింటిలో ఏది గొప్ప అన్న లెక్క నాకు అక్కర్లేదు, కానీ ఇంటికి తీసుకెళ్లమంటే నేను కనూ బొమ్మనే పట్టుకెళతాను.

పళ్లెం, త్రాసు, సూక్ష్మదర్శిని

ఆ బొమ్మల్లోకి వెళ్దాం. ఒకదాంట్లో గాంధీజీ బొంబాయి బిర్లా హౌస్‌లో బరువు తూచే యంత్రం మీద నిలబడి ఉన్నారు. 1945. ఆయన ఉపవాసం చేస్తే దేశమంతా ఆయన బరువు లెక్కపెట్టేది, పత్రికలు పౌన్లలో అచ్చువేసేవి. ఆ బొమ్మ చూస్తున్నప్పుడు ఆ అంకెల వెనక ఉన్న సన్నటి కాళ్లు మొదటిసారి మన కంటపడతాయి.

ఇంకొకదాంట్లో ఆయన సూక్ష్మదర్శిని మీద వంగి చూస్తున్నారు. 1940, సేవాగ్రామ్. అద్దం కింద ఉన్నది కుష్ఠువ్యాధి క్రిమి. దీని వెనక ఒక మనిషి కథ ఉంది. పర్చురే శాస్త్రి సంస్కృత పండితుడు, గాంధీజీతో పాటు యరవాడ జైలులో ఉన్నవాడు. కుష్ఠు సోకింది. ఆ రోజుల్లో కుష్ఠు సోకిందంటే ఇంట్లోంచి, ఊళ్లోంచి, బంధువుల్లోంచి తోసేయడమే. ఆయన సేవాగ్రామ్ ఆశ్రమానికి వచ్చాడు. గాంధీజీ ఆయన్ను ఆశ్రమంలోనే ఉంచి, దగ్గర కూర్చొని స్వయంగా మాలిష్ చేసేవారు. ఆ మాలిష్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ కుష్ఠు నివారణ పోస్టర్ల మీద కనిపిస్తుంది. నా దృష్టిలో సూక్ష్మదర్శిని ఫొటో దానికి జంట. ఒకదాంట్లో రోగిని తాకిన చేతులు, రెండోదాంట్లో రోగాన్ని అర్థం చేసుకోవాలనుకున్న కన్ను. రెండూ కలిపి చూడాలి. జాలితో పాటు తెలుసుకోవాలన్న తపన కూడా ఆయనకుండేదని ఈ రెండో బొమ్మ చెబుతుంది.

1940 ఫిబ్రవరిలో గాంధీజీ, కస్తూర్బా శాంతినికేతన్ వెళ్లారు. రవీంద్రనాథ్ టాగూర్ అప్పటికే జబ్బుగా ఉన్నారు. ఇద్దరు వృద్ధులూ కలుసుకోవడం అదే ఆఖరు, మరుసటేడు ఆగస్టులో టాగూర్ పోయారు. ఎన్నో విషయాల్లో, రాట్నం విషయంలో సైతం, గట్టిగా విభేదించుకున్న ఇద్దరు. కనూ తీసిన బొమ్మలో వారిని పక్కపక్కన చూసినప్పుడు ఆ వాదాలన్నీ ఎంత ప్రేమ మీద నిలబడి జరిగాయో కనబడుతుంది. ప్రయాణాల్లో తీసిన బొమ్మలకు ఉండే విలువ ఇదే, ఆ క్షణం మళ్లీ రాదు.

ప్రయాణపు బొమ్మల్లో అందరికీ తెలిసింది రైలు కిటికీది. 1945 చివర్లో మొదలై 1946 తొలి నెలల దాకా గాంధీజీ బెంగాల్, అస్సాం, దక్షిణ భారతం చుట్టివచ్చారు. మూడో తరగతి బండి కిటికీలోంచి ఆయన చెయ్యి చాపి ఉన్నారు. హరిజన నిధికి అడుగుతున్నారు. కింద జనం అందిస్తున్నారు, కాసులో నోట్లో నగలో. కలకత్తా వైపు నుంచి మద్రాసుకు వచ్చిన ఆ బండి మన కోస్తా గుండానే వచ్చింది. 1946 జనవరిలో ఆయన మద్రాసు వెళ్లింది హిందీ ప్రచార సభ రజతోత్సవానికి. దారి పొడవునా మన స్టేషన్లలో జనం పట్టాల దాకా నిండిపోయారు. బామ్మలు చెవి కమ్మలు తీసి ఆయన చేతిలో పెట్టిన కథలు గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో చెప్పుకుంటారో! ఆయన సంతకానికీ ధర ఉండేది, ఐదు రూపాయలు, అదీ నిధికే. ఆ ఫొటోను ఎప్పుడు చూసినా నా చూపు చాపిన చేతి మీదే ఆగుతుంది. ఒక దేశపు నాయకుడు పేదవాళ్ల ముందు చెయ్యి చాపడం, పేదవాళ్లు సంతోషంగా ఇవ్వడం. పెట్టెలోపల ఆయన వెనకే కూర్చున్నవాడికి తప్ప ఆ కోణం దొరకదు.

బాపు ఆపిన ఫొటో

పదేళ్లలో కనూను గాంధీజీ ఫొటో తీయవద్దని ఆపిన సందర్భం ఒకటి చెబుతారు.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు. గాంధీజీనీ కస్తూర్బానీ పుణేలోని ఆగాఖాన్ భవనంలో బంధించారు. వారం తిరక్కముందే, ఆగస్టు 15న, పాతికేళ్లు గాంధీజీని నీడలా వెన్నంటిన కార్యదర్శి మహాదేవ్ దేశాయ్ అక్కడే గుండె ఆగి పోయారు. ఆ దెబ్బ నుంచి ఎవరూ తేరుకోలేదు. ఆ తర్వాత కస్తూర్బాకు జబ్బు. గుండె బలహీనపడింది, ఊపిరి అందేది కాదు, కూర్చొని రాత్రిళ్లు గడిపేది. తనకు తోడుగా ఎవరినైనా పంపమని కోరింది. చివరికి జయప్రకాశ్ నారాయణ్ భార్య ప్రభావతినీ, కనూనూ లోపలికి అనుమతించారు. కనూ ఆమెకు సేవ చేశాడు. భజనలు పాడి వినిపించాడు. అరవై ఏళ్లు దాటిన ఆ దాంపత్యపు చివరి రోజులను బయటి ప్రపంచం చూడలేదు. కనూ చూశాడు.

1944 ఫిబ్రవరి 22, శివరాత్రి. సాయంత్రం కస్తూర్బా తల గాంధీజీ ఒళ్లో ఉంది, అవే ఆమె ఆఖరి ఘడియలు. కనూ ఫొటో తీయబోతే గాంధీజీ వారించారు. తీయలేదు.

ఆ ఫొటో ఉండి ఉంటే ఇరవయ్యో శతాబ్దపు అత్యంత గొప్ప చిత్రాల్లో ఒకటయ్యేదని అనేవాళ్లున్నారు. ఉండకపోవడమే సరైనదని నా నమ్మకం. బతుకంతా తెరిచి పెట్టుకున్న మనిషి ఆయన. తిండి, నిద్ర, బరువు, రక్తపోటు, పశ్చాత్తాపాలు, అన్నీ లోకానికి చెప్పుకున్నారు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం తనదీ, కస్తూర్బాదీ. చెప్పగానే ఆగిన కనూ కూడా ఆ క్షణంలో ఫొటోగ్రాఫర్ కన్నా ముందు మనవడు. కెమెరా పట్టినవాడు మాట వినకుండా మీట నొక్కేసి, తర్వాత క్షమాపణ చెప్పుకోవడం ఇప్పుడు మనకు మామూలైపోయింది. ఆసుపత్రి మంచాలు, పాడెలు, ఏడుస్తున్న తల్లులు, అన్నీ ఫోన్లలోకెక్కుతున్నాయి. అలాంటప్పుడు ఆ పుణే సాయంత్రం పదేపదే గుర్తొస్తుంది.

అదే ఏడు కనూకూ, బెంగాల్ నుంచి ఆశ్రమానికి వచ్చిన ఆభా ఛటర్జీకీ పెళ్లయింది. ఆభా మనకందరికీ తెలిసిన ముఖం. గాంధీజీ చివరి నడకలో ఆయన భుజానికి ఊతమిచ్చిన ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు ఆభా, రెండోవారు మను.

బెంగాల్‌లోని నౌఖాలీ మారణకాండ తర్వాత, 1946 నవంబరులో గాంధీజీ అక్కడికి వెళ్లారు, తర్వాత పల్లెల్లో కాలినడకన తిరిగారు. తన మనుషుల్ని తలా ఒక పల్లెలో ఉంచారు. భయంతో వణుకుతున్న ఊళ్లో ఒక్కరే ఉండి, చనిపోవడానికైనా సిద్ధపడి, రెండు మతాలవాళ్ల మధ్య నమ్మకం నిలబెట్టడం ఆ పని. కనూ వంతుకూ ఒక పల్లె వచ్చింది. గాంధీజీ అక్కడి నుంచి బిహార్, కలకత్తా, ఢిల్లీ వెళ్లిపోయినా కనూ నౌఖాలీలోనే ఉండిపోయాడు.

1948 జనవరి 30న కనూ ఉన్నది నౌఖాలీలో. ఆ రోజు ఢిల్లీ బిర్లా హౌస్‌లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ గాంధీజీని కలిసి వెళ్లిన కాసేపటికే కాల్పులు జరిగాయి. తర్వాతి జనసంద్రాన్నీ చితినీ ఆయన తీసిన బొమ్మలు లోకమంతా చూసింది. పదేళ్లు వెంట తిరిగిన కనూ కెమెరా ఆ సాయంత్రానికి లేదు. ఆభా ఉంది, కళ్లముందే జరిగింది. భార్య కళ్లతో చూసింది, భర్త కెమెరాకు అందనంత దూరంలో ఉన్నాడు. ఆ దూరం గాంధీజీ అప్పగించిన పని వల్ల వచ్చింది. ఆ పని ఎందుకు ముఖ్యమో కనూకు తెలుసు కాబట్టే అక్కడున్నాడు.

పేరు లేని బొమ్మలు

తర్వాత ఆ దంపతులు రాజ్‌కోట్ వైపు స్థిరపడి గ్రామసేవలో మునిగారు. కనూ 1986లో పోయారు. ఆయన బొమ్మలు మాత్రం దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో, క్యాలెండర్లలో, స్టాంపుల పక్కన, సభల బ్యానర్ల మీద తిరుగుతూనే ఉన్నాయి, ఎక్కువగా ఆయన పేరు లేకుండా. మన ఇళ్లలో గాంధీ జయంతి నాడు దండ వేసే పటాన్ని ఎవరు తీశారని ఎవరం అడగం. ఈ అలవాటు నాకు కష్టంగా ఉంటుంది. పాట కింద కవి పేరు వేస్తాం, బొమ్మ కింద చిత్రకారుడి సంతకం వెతుకుతాం. ఫొటో మాత్రం దానంతటదే పుట్టినట్టు వాడుకుంటాం. ఫిల్ము చుట్ట కొనడానికి డబ్బులు వెతుక్కున్న కుర్రాడి కష్టానికి రెండు మాటల పేరు కూడా దక్కకపోతే ఎలా?

ఆయన బొమ్మల్ని వెలుగులోకి తెచ్చినవాళ్లలో ఒక పేరు తెలుగు నేలకు దగ్గరిది. హైదరాబాద్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ చిత్రకారుడు సలీం ఆరిఫ్ ఖాద్రీ కనూ ఫొటోల మీద మనసుపెట్టి, 1995లో లెస్టర్‌లో ప్రదర్శన పెట్టడానికి కృషి చేశారు. గాంధీజీ ఛాయాచిత్రాలను ఏళ్ల తరబడి సేకరించి భద్రపరుస్తున్న బెర్లిన్ వాసి పీటర్ రూహే చేసిన పని కూడా చిన్నది కాదు. 2015లో ఢిల్లీలోని నజర్ ఫౌండేషన్ 'కనూస్ గాంధీ' అన్న పుస్తకం తెచ్చింది. ఫొటో జర్నలిస్టు ప్రశాంత్ పంజియార్, సంజీవ్ సైత్ దానికి సంపాదకులు. దిండు బొమ్మ, రైలు కిటికీ బొమ్మ, త్రాసు బొమ్మ ఒకే మనిషి తీసినవని చాలామందికి అప్పుడే తెలిసింది. కొన్ని బొమ్మలు అలికినట్టుంటాయి, కొన్ని గింజలు గింజలుగా ఉంటాయి. సరిచేయకుండా అలాగే వేయడం మంచి పని అనిపించింది. వాటిలో ఆ గుడిసె చీకటి ఉంది.

ఇద్దరు కనూలు

చివరగా ఒక పొరపాటు సరిదిద్దాలి, అది సూరత్‌కు సంబంధించింది.

సముద్రపు ఒడ్డున ఒక చిన్న పిల్లవాడు గాంధీజీ కర్ర చివర పట్టుకొని ముందు నడుస్తుంటాడు, తాత వెనక నవ్వుతూ వస్తుంటారు. ఆ ఫొటో చూడని భారతీయుడు ఉండడు. ఆ పిల్లవాడి పేరు కూడా కనూయే. కనూ రాందాస్ గాంధీ, గాంధీజీ మూడో కొడుకు రాందాస్ కొడుకు, సొంత మనవడు. పెద్దయ్యాక అమెరికా వెళ్లి శాస్త్రవేత్తగా పనిచేశారు, ముదిమిలో భార్యతో కలిసి భారత్ తిరిగి వచ్చారు, 2016 నవంబరులో సూరత్‌లోనే కన్నుమూశారు. అప్పుడు చాలా పత్రికలు ఆ సముద్రతీరపు ఫొటో వేసి దాని కింద దండి యాత్ర, 1930 అని రాశాయి. దండి దక్షిణ గుజరాత్ తీరంలోనిదే, బార్డోలీ నుంచి పెద్ద దూరం కాదు కాబట్టి ఆ మాట అక్కడ అందరికీ ఇంపుగా తోచింది. కానీ దండి యాత్ర నాటికి ఆ అబ్బాయికి ఏడాదో రెండేళ్లో. ఆ ఫొటో బొంబాయి జుహూ తీరంలో 1937లో తీసింది.

ఇద్దరి పేరూ ఒకటే కావడంతో జ్ఞాపకాలు కలగలిసిపోయాయి. ఒక కనూ ఫొటోలో ఉన్నవాడు, ఇంకో కనూ ఫొటోలు తీసినవాడు. కర్ర పట్టుకొని తాతను నడిపించినవాడు రాందాస్ కొడుకు. తల వంచి గాజు పలకలోకి చూస్తూ ఆ తాతను పదేళ్లు బొమ్మల్లో నిలిపినవాడు నారణ్‌దాస్ కొడుకు. బార్డోలీ స్వరాజ్ ఆశ్రమానికో, సేవాగ్రామ్‌కో, పిల్లల్ని తీసుకొని వెళ్లేవాళ్లు గాంధీజీ ఇంటి బొమ్మ ఎక్కడ కనబడినా ఈ రెండో కనూ పేరు వాళ్లకు చెప్పండి.